మగ్గం గుంతలో దాచిన కోడి

కోడిపిల్లను చేతికిచ్చి "పెట్టా, పుంజా?" అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ వెంటనే చెప్పను. ఏ జాతి, ఎన్ని వారాల పిల్ల, తల్లిని చూశారా అని తిరిగి ప్రశ్నలు వేస్తాను. అన్నీ విన్నాక "ఇంకో నెల ఆగి తీసుకురండి" అంటాను. మా కాలనీలో పశుసంవర్ధక శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ళు ఇది చూసి నవ్వుకుంటారు. ముప్పై మూడేళ్ళు సర్వీసు చేసిన మనిషి కోడిపిల్ల ఆడదో మగదో చెప్పలేడా అని వాళ్ళ అనుమానం. మర్యాద తెలిసిన పిల్లలు, అడగరు. అడగకపోయినా చెప్పవలసిన బాధ్యత నాకుంది. ఉద్యోగంలో నేను చాలా తప్పులు చేశాను. వాటిలో ఇప్పటికీ తలచుకునేది ఒక్కటే. అది ఏడు కోడిపిల్లల దగ్గర జరిగింది.

నేను డాక్టర్ని కాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు రెండు వీధులు లోపల మా పశువుల దవాఖాన ఉండేది. అక్కడ డాక్టరుగారి కింద నేను సహాయకుణ్ణి. సూదులు వేయడం, గాయాలు కడిగి కట్లు కట్టడం, టీకాలు, కరిచే కుక్కలను కదలకుండా పట్టుకోవడం నా పని. వచ్చినవాళ్ళు నన్ను కూడా డాక్టర్ సాబ్ అనేవారు. నేను దిద్దేవాణ్ణి కాదు.

మాది నల్గొండ జిల్లాలో ఒక గడి, దొరల కోటలాంటి ఇల్లు. నాలుగూళ్ళ మీద పెత్తనం ఉండేదట. నేను పుట్టేసరికి మిగిలినవి రెండు గదులు, తాతగారి తుపాకీ తగిలించిన మేకు. తుపాకీ ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు. మా నాన్న గడి దూలాలు ఒక్కొక్కటే ఊడదీసి అమ్మి మమ్మల్ని చదివించాడు. మా చదువులు పెరిగిన కొద్దీ ఇంటి కప్పు తగ్గుతూ వచ్చింది. ఆస్తి పోయినా నడుం వంచకూడదన్న నియమం మాత్రం మిగిలింది. నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చోను. ఇస్త్రీ లేని చొక్కాతో ఏనాడూ గుమ్మం దాటలేదు. పశువును తెచ్చినవాళ్ళు ఇప్పించే చాయ్ కూడా తాగేవాణ్ణి కాదు. నా వెనక నన్ను 'గడి గోడ' అనేవారని రిటైరైన రోజున తెలిసింది. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

కోడిపిల్లల విషయంలో నాకు పేరు రావడానికి ఒక కారణముంది. పెరట్లో పెంచుకొమ్మని మహిళా సంఘాలకు పిల్లలను పంచే పథకం ఒకటి నడిచేది. ఒకసారి వచ్చిన పిల్లలు ఎలాంటి రకమంటే, పుట్టిన రోజునే రెక్క విప్పి చూస్తే ఆడా మగా తెలిసిపోతుంది. రెక్క అంచు ఈకలు పై వరుస కంటే పొడుగ్గా ఉంటే పెట్ట, సమానంగా ఉంటే పుంజు. ఆ గుర్తు కనబడేట్టుగానే ఆ రకాన్ని తయారుచేశారు. మామూలు ఊరకోళ్ళకు అది పనికిరాదు. శిక్షణలో ఈ సంగతి మాకు స్పష్టంగా చెప్పారు. పంచేరోజు చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళకు నేను చెప్పలేదు. డబ్బాలోంచి ఒక్కొక్క పిల్లను తీసి, రెక్కను బొటనవేలితో విప్పి, "పెట్ట, పెట్ట, పుంజు" అంటూ వేరు చేస్తూ పోయాను. "సారుకు కండ్లల్ల ఏమున్నదో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మా తాత పందెం కోళ్ళు పెంచినవాడు. నా కంట్లో ఉన్నది ఆయనదేనని నేననుకున్నాను. శిక్షణలో విన్నది క్రమంగా మరిచిపోయాను.

మా డాక్టరుగారిది గోదావరి వైపు. కోళ్ళ సంగతి ఆయనకు నిజంగానే తెలుసు. పదేళ్ళు కలిసి పనిచేశాం. కడుపులో దూడ అడ్డం తిరిగితే ఇద్దరం ఒకే తాడు పట్టి లాగినవాళ్ళం. అయితే అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఏళ్ళు. నేనూ అటెండరూ ఒక చాయ్ బండికి, డాక్టరుగారు ఇంకో బండికి వెళ్ళడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. ఎవరూ ఎవరినీ ఒక మాట అనలేదు. చాయ్ మాత్రం వేరైపోయింది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఒకామె గంపతో వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పోచంపల్లి దిక్కు నేత కుటుంబం. భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని చేస్తాడు. మూసారాంబాగ్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, వెనక కొంచెం ఖాళీ జాగా. గంప మీది గుడ్డ తీస్తే ఏడు పిల్లలు. నెలన్నర వయసు.

"సారూ, జర చూసి చెప్పుర్రి. గీటిల ఏవి పెట్టలు, ఏవి పుంజులు?"

"ఎందుకమ్మా అంత తొందర? పెరిగితే అవే తెలుస్తాయి."

"మా అమ్మ గూడ గట్లనే ఆగమంటది. ఇంటి ఓనరు ఆగుతలేడు సారూ. వెనక జాగల గదులు కడుతడంట. ఒక్క పుంజు, మూడు పెట్టలు ఉంచుకో, ఎక్కువ కనవడితె ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు. ముసలి పుంజు ఇంట్ల ఉన్నది. దానికి తోడు మూడు పెట్టలు చాలు. మిగిలినయి మా ఆడపడుచుకిస్త."

"తల్లి కోడి ఏమైంది?"

"కుక్క పట్కపోయింది. ఇగ గీ పిల్లలే మిగిలినయ్. గీటిల పెట్ట నిలవకపోతె సంతు పోయినట్టే."

కోళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి కదా అన్నాను. ఆమె నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "కొంటె కోళ్లు ఒస్తయ్ సారూ. గీ కోడి రాదు. మా అమ్మమ్మ నాటి సంతు ఇది. మా అమ్మకు కండ్లు పోయినయ్ గని, పొద్దుగాల లేచి గంప మీద చెయ్యి పెట్టనిదే మొకం కడుక్కోదు."

ఒక పిల్లను చేతిలోకి తీసుకున్నాను. పొడుగు కాళ్ళు, గట్టి మెడ. తలమీద రంపంలాంటి జుట్టుకు బదులు మూడు వరుసల గింజల్లా చిన్న బొడిపె. అసీలు జాతి. జాతి వరకు నేను చెప్పింది సరిగ్గానే ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు.

"ఇవి అసీలు. మా గడిలో ఇట్లాంటివే ఉండేవి. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఈ కోళ్ళు గడిలో తప్ప ఇంకెక్కడా లేవు" అన్నాను.

"ఏ గడి సారూ?"

ఊరి పేరు చెప్పాను. ఆమె గంప అంచు పట్టుకొని తన వైపు కొంచెం జరుపుకొంది. పాతకాలపు మనిషి, గడి పేరు వినగానే గౌరవంతో ఒదిగిందనుకున్నాను.

లోపలి గది గుమ్మంలోంచి డాక్టరుగారు తొంగిచూశారు. "తొందరపడకండి. అసీలు పిల్లల్ని ఈ వయసులో నేనూ ఖాయంగా చెప్పలేనండీ. ఇంకో నెల ఆగమనండి."

మామూలు రోజుల్లో అయితే ఆ మాట వినేవాణ్ణి. "మా కోళ్ళ సంగతి మాకు తెలుసండీ" అన్నాను. ఆయన "సరేనండీ" అని లోపలికి వెళ్ళిపోయారు. అటెండర్ నన్ను మెచ్చుకోలుగా చూశాడు. అది కూడా నా తలకెక్కింది.

పిల్లలను గచ్చు మీద వదలమన్నాను. నాలుగు పిల్లలు ఒళ్ళంతా ఈకలు నిండుగా కప్పుకొని, మెడలు నిలబెట్టి గది మధ్యకు నడిచాయి. అందులో రెండు ఎదురెదురుగా నిలబడి తలలు ఎగరేశాయి. మిగిలిన మూడూ వీపు మీద ఈకల్లేక బోసిగా, బక్కగా ఉన్నాయి. గోడ వారన ఒకదాని కింద ఒకటి దూరాయి. నాకు ఇంకేం కావాలి? నిండుగా బట్టకట్టి, నడుం నిలబెట్టి నడిచేవి మగవి. సిగ్గుతో ముడుచుకున్నవి ఆడవి. కుట్లు వేసే నల్లదారం తీసి, కాలు పెరిగినా బిగుసుకోకుండా వదులుగా ఆ నాలుగింటి కాళ్ళకు కట్టాను.

"దారం ఉన్నవి పుంజులు. ఇచ్చెయ్యి. ఈ మూడు పెట్టలు. ఉంచుకో."

"ఖాయమేనా సారూ?"

"నా మాట ఖాయమమ్మా."

తర్వాత రెండున్నర నెలలు గడిచాయి. ఉద్యోగుల సమ్మె వచ్చింది. నేనూ సమ్మెలో ఉన్నాను. డాక్టరుగారు దవాఖాన తలుపు తీసి ఒక్కరే కూర్చుంటున్నారని అటెండర్ చెప్పాడు. ఫోన్ చేద్దామనిపించి చేయలేదు.

ఒక బంద్ రోజు. బస్సుల్లేవు, దుకాణాలు లేవు, కోచింగ్ సెంటర్ల ముందు ఒక్క పిల్లవాడు లేడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పొద్దున తొమ్మిది గంటలకు మా ఇంటి గేటు ముందు కోడి కూసింది. ఎంత గట్టిగా కూసిందంటే ఎదురింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. చూస్తే ఆమె, నలుగురినీ అడిగి మా ఇల్లు పట్టుకుందట. చంకలో గుడ్డసంచి. సంచిలోంచి తల బయటపెట్టి ఒక అసీలు పుంజు.

"గిది నువ్వు చెప్పిన పెట్ట సారూ" అంది.

మొదటిసారి మీరు అన్న మనిషి ఈసారి నువ్వు అంది. పట్టించుకునే స్థితిలో లేను. పుంజును బయటికి తీసి చూశాను. నడుం మీది ఈకలు సూదుల్లా కొసదేలి ఉన్నాయి. ఇంకేం చూడనక్కర్లేదు.

"ఒకటి కూసిన్నాడు సారు ఒక్కటి తప్పిండు అనుకున్న. రెండోది కూసిన్నాడు దేవునికి మొక్కిన. ఇయ్యాల మూడోది గూడ కూసింది."

"మీ ఆడపడుచుకిచ్చినవి?"

"ఒనస్థలిపురం ఫోన్ చేసిన. నాలుగిట్ల మూడు పెట్టలేనంట. నీకు మస్తుగున్నయేమో అందుకే పెట్టలను పంపినవనుకున్న ఒదినా అంటది. పొద్దుగాల ఆటోల ఎల్బీ నగర్ పంపిచ్చిందంట, వంటావార్పుకు. కాలనీల తలా ఒకటి ఇస్తున్నరంట. బియ్యం ఇచ్చేటోళ్లు బియ్యం, కూరగాయలిచ్చేటోళ్లు కూరగాయలు. మా ఆడపడుచు కోళ్లిచ్చింది. ఆటో తోలినోని ఫోన్ కలుస్తలేదు." ఊపిరి తీసుకుంది. "నువ్వు చెప్తెనే ఇచ్చిన. లే, పోదం."

వంటావార్పు మీకు తెలియకపోవచ్చు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, రాకపోకలు ఆపే నిరసన అది. ఆ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో పొద్దున్నుంచే పొయ్యిలు వెలిగాయి. ఇప్పుడైతే మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడో స్టేషన్. ఆ రోజు నడకే. పుంజును మా స్నానాలగదిలో పెట్టి తలుపు వేసి బయల్దేరాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడానికి రెండు నిమిషాలు తీసుకున్నాను. గేటు దగ్గర ఆమె ఆ రెండు నిమిషాలూ మా గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.

చైతన్యపురి దాటాక ఫోన్ తీసి డాక్టరుగారికి చేశాను.

"ఏమండీ, బావున్నారా? సమ్మె మొదలయ్యాక మీ గొంతే వినలేదు."

సంగతి చెప్పాను.

"వీపు బోసిగా ఉన్నవాటిని పెట్టలన్నారా?"

"అవునండీ."

"అయ్యో! పుంజు పిల్లలకే కదండీ ఈకలు ఆలస్యమయ్యేది. పెట్టపిల్ల ముందే నిండుగా కప్పేసుకుంటుంది. మెడ నిలబెట్టడమంటారా, అసీలు పెట్ట కూడా అలాగే నిలబెడుతుంది. దెబ్బలాడుతుంది కూడాను. అది దాని జాతి."

"ఆ రోజే చెప్పలేకపోయారా?"

"చెప్పబోయానండీ. మా కోళ్ళు అన్నారు మీరు."

ఆయనే మళ్ళీ అన్నారు: "నేనూ వచ్చేవాణ్ణి గానీ, ఈవేళ నేనక్కడికొస్తే మీకు ఇంకో పని పెరుగుతుంది. త్వరగా వెళ్ళండి. దొరికితే నాకొక మాట చెప్పండి."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. కొత్తపేట పండ్ల మార్కెట్ మూసి ఉంది. లోపల మగ్గిన బత్తాయిల వాసన మాత్రం రోడ్డు మీదికి వస్తోంది. అక్కడ ఆమె నడక తగ్గించింది.

"ఆనాడు మీ ఊరి పేరు చెప్పినవ్ గద సారూ. మాది మీ గడి కిందూరే."

"ఏ ఊరు?"

చెప్పింది. మా తాతగారి నాలుగూళ్ళలో ఒకటి.

"సర్కారు అధికారులు మీ గడిల మకాం దిగితె ఇంటికో కోడి ఇయ్యాలె. గడి మనిషి ఒచ్చి వాకిట్ల నిలవడి, ఏది బలంగ ఉంటె గది పట్కపోయేటోడు. మా అమ్మమ్మ తన మంచి పెట్టను గుడ్డల చుట్టి మగ్గం గుంతల కూసోబెట్టేదంట. మా తాత గా గుంతలనే కాళ్లు పెట్టి నేసేటోడు. మగ్గం చప్పుడు జోరుగ చేస్తె కోడి చప్పుడు ఇనవడది. మా అమ్మ అప్పుడు చిన్నపిల్ల. తాత కాళ్ల సందున దూరి కోడి ముక్కు పట్టుకొని కూసునేదంట, గడి మనిషి పోయేదాంక."

కొంత దూరం నడిచాక మళ్ళీ అంది. "గా పెట్ట సంతే సారూ గివి. నువ్వేమో మా గడి కోళ్లు అంటివి."

దవాఖానలో ఆమె గంపను తన వైపు ఎందుకు జరుపుకొందో నాకు అప్పుడు తెలిసింది. తలెత్తుకొని నడవడం నాకు అలవాటు. ఆ కాస్త దూరం మాత్రం రోడ్డు చూస్తూ నడిచాను.

ఎల్బీ నగర్ చౌరస్తా మనుషులతో నిండి ఉంది. డప్పులు, పాటలు, పొగ. రోజూ జిల్లాల బస్సులు మలుపు తిరిగే చోట వరుసగా పొయ్యిలు. నాలుగు పొయ్యిలు వెతికాక ఒక తోపుడుబండి చక్రానికి కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు కనబడ్డాయి. ఒకటి పుంజు, ఒకటి పెట్ట. రెండింటి కాళ్ళకూ నా నల్లదారం ఉంది, పోగులు రేగి. అంటే నాలుగింటిలో ఒక్క పుంజును మాత్రం నేను సరిగ్గా చెప్పాను. మిగతా రెండు పెట్టలూ అప్పటికే పొయ్యి మీది పెద్ద గంజులో ఉడుకుతున్నాయి. ఆమె గంజు వైపు చూడలేదు. బండి పక్కన కూలబడి పెట్ట మీద చెయ్యి వేసింది.

వంటాయన పెళ్ళిళ్ళకు వండే మనిషిలా ఉన్నాడు. తలకు తువాలు, చేతిలో తెడ్డంత గరిటె.

"ఏయ్ అమ్మా, కోడిని ఇడువు. లెక్క పెట్టి ఇచ్చిన్రు."

నేను జేబులోంచి గుర్తింపు కార్డు తీశాను. దారి పొడుగునా నేను ఆలోచించుకుంటూ వచ్చింది అదే. ఆ కోడికి రోగముందని అనుమానం, పరీక్షకు తీసుకుపోవాలి అంటే ఎవరూ ఎదురు చెప్పరు. పరువూ దక్కుతుంది, కోడీ దక్కుతుంది.

"నేను పశువుల దవాఖాన నుంచి..." అని మొదలుపెట్టాను.

ఆమె కింది నుంచే నా చొక్కా అంచు పట్టి లాగింది. "సారూ, సర్కారు పేరు చెప్పి అడగకు. అప్పుడు గట్ల చెప్పే తీస్కపోయిన్రు."

ఆ మాట వంటాయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కార్డు జేబులో పెట్టుకున్నాను. నలుగురిలో నా నోటితో ఒక తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. అదీ డప్పుల మధ్య గట్టిగా చెప్పవలసి వచ్చింది.

"ఈ పెట్టను పిల్లప్పుడు చూసి పుంజు అని చెప్పినవాణ్ణి నేనే. నా మాట నమ్మి ఈమె ఇచ్చేసింది. వీళ్ళింట్లో ఇంకో పెట్ట లేదు. ఇది పోతే వీళ్ళ కోడి సంతే పోతుంది. తప్పు నాది. ఇప్పించండి."

"పెట్టకు పుంజుకు ఫరక్ తెల్వదా? ఏం పని చేస్తవ్ సారూ నువ్వు?"

"పశువుల దవాఖానలో ఉద్యోగం."

చుట్టూ నవ్వులు. "అందుకే సమ్మెల ఉన్నడు, పోనియ్యన్నా. పనిల ఉంటె ఇంకెన్ని కోళ్లు ఆగమయ్యేటియో!" అని ఎవరో అన్నారు. నవ్వు ఇంకా పెరిగింది.

"నవ్వకుర్రి" అంది ఆమె లేచి. "తప్పు చెప్పినోళ్లు మస్తుమంది ఉంటరు. నాతోని గింత దూరం నడిచొచ్చి చెప్పినోడు ఈయన."

వంటాయన గరిటె గంజు అంచుకు ఆనించి ఆలోచించాడు. "పదిమందికని ఇచ్చింది ఉత్తగ వాపస్ ఇచ్చుడు మంచిగుండదమ్మా. బదులు ఏమన్న వడాలె. పైసలొద్దు. చేతులు తక్కువున్నయ్. గా ఉల్లిగడ్డ బస్త జూడు. కోసి ఇయ్యిర్రి, కోడిని తీస్కపోర్రి."

తారు రోడ్డు మీద బాసిపట్లు వేసుకొని కూర్చున్నాను. నడుం వంచకుండా ఉల్లిగడ్డలు కోయవచ్చేమోనని మొదట ప్రయత్నించాను. వేలు తెగింది. తర్వాత వంగాను. రెండు గంటలు పట్టింది. నా కంటే ఆమె మూడింతలు వేగంగా కోసింది. పెట్ట మా ఇద్దరి మధ్య కాళ్ళకు తాడుతో, ఉల్లిపొట్టు ఏరుకుంటూ కూర్చుంది. బస్తా అయిపోయాక వంటాయన మా ముందు విస్తళ్ళు వేయించాడు. ఆమె కోడికూర వడ్డించుకొంది.

"తింటావా?" అన్నాను ఆశ్చర్యంగా.

"కోడి కూరకు గాక దేనికి సారూ? సంతు నిలిస్తె సాలు. తిను, అన్నం సల్లారుతది."

నేను పచ్చిపులుసుతో తిన్నాను. అదీ ఒక రకమైన బిగువేనని ఇప్పుడనిపిస్తుంది.

తిరుగు నడకలో కోడిని ఆమె పట్టుకోలేదు. "నువ్వే పట్కరా" అంది. ఎల్బీ నగర్ నుంచి మూసారాంబాగ్ దాకా అసీలు పెట్టను రెండు చేతులతో రొమ్ముకు ఆనించి పట్టుకొని నడిచాను. ఇస్త్రీ చొక్కా ఏమైందో చెప్పనక్కర్లేదు. మలక్‌పేట వైపు నుంచి వస్తున్న మా కాలనీ పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి, నమస్కారం పెట్టబోయి, కోడిని చూసి ఆగిపోయాడు. నేనే ముందు పలకరించాను.

డాక్టరుగారికి దారిలోనే చెప్పాను, దొరికిందని. సమ్మె అయిపోయిన రోజున నేను ఆయన చాయ్ బండికి వెళ్ళాను. ఆ పెట్ట తర్వాత ఎన్నిసార్లు పొదిగిందో, ఎన్ని పిల్లల్ని లేపిందో ఆమె చెప్పవలసిన కథ. నేను చెప్పవలసింది ఆ సాయంత్రానిది ఇంకొంచెం ఉంది.

ఇంటి ముందుగదిలో నులక మంచం మీద ఆమె తల్లి కూర్చుని ఉంది. బక్కపలుచని మనిషి. కళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"ఎవరే?"

"దవాఖాన సారు అమ్మా. కోడిని పట్కొచ్చిండు."

ముసలామె రెండు చేతులూ చాపింది. కోడిని ఒళ్ళో పెట్టాను. ఆమె వేళ్ళు తలమీది బొడిపెను తడిమాయి, మెడ దిగాయి, నడుం మీది ఈకల కొసలను ఒక్కసారి నిమిరాయి.

"పెట్టనే" అంది. "గీ మాత్రం చెప్పనీకి దవాఖానకెందుకు పోయినవే?"

కూతురు నవ్వు ఆపుకొంది. నేను వెళ్ళడానికి లేచాను.

"ఏ ఊరు బిడ్డా నీది?" అంది ముసలామె.

కూతురు నా వైపు చూసింది. "నల్గొండ దిక్కేనమ్మా" అని తనే చెప్పబోయింది. నేను ఆపాను. జీవితమంతా ఆ ఊరి పేరు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నవాణ్ణి. ఇక్కడ దాచడం ఏం న్యాయం?

ఊరి పేరు చెప్పాను. "గడి వాళ్ళం. దొర మనవణ్ణి."

మంచం కిర్రుమంది. ముసలామె కోడిని దగ్గరికి లాక్కొని కొంగు కప్పేసింది. కొంగు కింద ఆమె చెయ్యి కోడి ముక్కు దగ్గరికి పోవడం నాకు కనబడుతోంది. నేను మంచం ముందు నేల మీద కూర్చున్నాను.

ఆమె కొంగు అలాగే పట్టుకొని అడిగింది. "తీస్కపోనొచ్చినవా?"

"లేదమ్మా. ఇచ్చిపోనొచ్చిన."

ఆమె కాసేపు ఆగింది. ఆ మాటను కూడా వేళ్ళతో తడిమి చూసినట్టు. తర్వాత కొంగు వదులు చేసింది. కోడి తల బయటపెట్టి, మెడ నిలబెట్టి, నా వైపు చూసింది.